ఎడమ మోకాలు

ఆ సోమవారం పొద్దున పేపరు చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో మీరూ ఉండవచ్చు. ఉంటే సిగ్గుపడనక్కర్లేదు. రొట్టెల దుకాణం యజమాని తుడుచుకున్నాడు. బస్సు డిపోలో టికెట్ల గుమాస్తా తుడుచుకుంది. సొంత కూతురు ఫోను చేస్తే ఎత్తని మందుల షాపు ముసలాయన కూడా కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చూశాడు. ఫొటో అలాంటిది. గుండెల మీద నెంబరు గుడ్డ, తడిసి ముద్దయిన జుట్టు, చంకలో పద్నాలుగు నెలల పాప, పాప తలకు ఆనిన తల్లి పెదవులు, తల్లి చెంపల మీద ధారలు. దాని పైన పేజీకి అడ్డంగా శీర్షిక: "పరుగును ఆపిన పేగుబంధం".

శీర్షికలో ఉన్నవి మూడే మాటలు. మూడూ అబద్ధాలే.

ఆమె పరుగెత్తదు, నడుస్తుంది. ఆమెది నడక పందెం. ఆ ఆటలో పరుగెత్తడమే నేరం. ఇక ఆపడం సంగతి. ఆమె ఆగలేదు, ఆమెను బయటికి పంపారు. పోతే పేగుబంధం. దానికి ఆ రోజు అక్కడ పనేమీ పడలేదు. జరిగినదంతా ఎడమ మోకాలి దగ్గర జరిగింది.

తోటి క్రీడాకారులు ఆమెను గడియారం అంటారు. ఇరవై కిలోమీటర్లు నడిచినా ఒక్కో కిలోమీటరుకు పట్టే సమయంలో రెండు సెకన్ల తేడా కూడా రానివ్వదు కనుక ఆ పేరు వచ్చింది. పాప పుట్టిన ఐదో నెల నుంచి మళ్లీ సాధన మొదలుపెట్టింది. నాలుగు నెలల కిందట జరిగిన రెండో అర్హత పందెంలో దేశంలోని నడకగత్తెలందరి కన్నా ముందు గమ్యం చేరింది. నాలుగేళ్లకోసారి జరిగే పెద్ద పోటీలకు మహిళల నడకలో ఒక్కరికే చోటు. మూడు అర్హత పందేల సమయాలు చూసి ఎంపిక సంఘం ఆ ఒక్కరిని ఎంచుతుంది. ఆమెకు ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. మరో నాలుగేళ్లు ఆగితే ముప్పై అయిదు. ఆ చోటు ఇప్పుడు దక్కాలి, లేదా ఎప్పటికీ లేదు. ఆదివారం జరిగినది మూడో అర్హత పందెం, చివరిది.

ఈ ఆటకు నియమాలు రెండే. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకింది మొదలు ఒళ్లు దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. దారి పొడవునా జడ్జీలు నిలబడి మొహాలు చూడకుండా కాళ్లు మాత్రమే చూస్తుంటారు. తప్పు కనిపిస్తే ఎర్రకార్డు రాసి పంపుతారు. ముగ్గురు వేర్వేరు జడ్జీలు కార్డులు రాస్తే చీఫ్ జడ్జి ఎదురుగా వచ్చి ఎర్ర పలక చూపిస్తుంది. అంతే, ఆ మనిషికి పందెం ముగిసినట్టు.

ఆ ఆదివారం గడియారానికి తొమ్మిదో కిలోమీటరులో మొదటి కార్డు పడింది. పదమూడులో రెండోది పడింది. దారి పక్కన ఉన్న బోర్డు మీద తన నెంబరుకు ఎదురుగా రెండు ఎర్ర గుర్తులు ఆమె చూసింది. వేగం తగ్గించి ఉంటే మూడో స్థానం ఖాయం. ఆమె తగ్గించలేదు. ముందున్న ఇద్దరినీ దాటగలననుకుంది, ఒకరిని దాటింది కూడా. పదిహేడో కిలోమీటరులో, మలుపు తిరిగాక, ఎడమ మోకాలు వంగింది. మూడో కార్డు పడింది. అది ఆమె తెగింపు, ఆమె పొరపాటు. ఇరవై ఏళ్ల సాధన ఉన్న మనిషి మాత్రమే చేయగల పొరపాటు.

ఎర్ర పలక చూపించిన చీఫ్ జడ్జి ఒకప్పుడు బళ్లో డ్రిల్లు టీచరు. ఇప్పటికీ అందరూ ఆవిడను డ్రిల్లు టీచరు గారనే పిలుస్తారు. గడియారం దారి వదిలి తాడు పక్కకు వచ్చింది. అక్కడ ఉన్న బకెట్టులోంచి రెండు చెంబుల నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది. పాపను ఎత్తుకుని నిలబడ్డ భర్త దగ్గరికి వెళ్లింది. అప్పటిదాకా పాప బుద్ధిగా తండ్రి చొక్కా గుండీ నములుతోంది. సరిగ్గా ఆ వేళకు దిగాడు విలేకరి, పక్కన ఫొటోగ్రాఫరుతో. వాళ్లు పొద్దుటి నుంచి ఊళ్లో ఇంకో పెద్ద ఆట జట్టు దిగిన హోటలు ముందు పడిగాపులు కాసి వస్తున్నారు. ఫొటోగ్రాఫరు జానెడు పొడవున్న కెమెరా గొట్టాన్ని పాప మొహం ముందుకు తెచ్చాడు. పాప హడలిపోయి కేరుమంది. తల్లి పాపను అందుకుంది. ఫొటో పడింది.

చెంపల మీద ధారలు బకెట్టు నీళ్లవి. పాప తల మీద పెదవులు ఆన్చి ఆమె అన్న మాట ఫొటోలో పడలేదు కనుక నేను చెబుతున్నాను. భర్తకు ఆవల ఉన్న డ్రిల్లు టీచరును చూస్తూ ఆమె అడిగింది, "ఏ కాలండీ?" అని.

"ఎడమ. మలుపు దాటాక," అంది టీచరు.

విలేకరి చెడ్డవాడు కాదు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల తండ్రి. తల్లి, బిడ్డ, ఏడుపు, మధ్యలో ఆగిన పందెం చూశాడు. మిగిలినది మనసు కల్పించింది. తనకు తెలియని ఆటను తనకు తెలిసిన కథలోకి దింపేశాడు. నియమాల పుస్తకం తిరగేసే ఓపిక లేదు, పక్కనున్న టీచరును అడగాలన్న ఆలోచన రాలేదు. రాస్తూ రాస్తూ తన కళ్లూ తుడుచుకున్నాడు.

అదే పేజీలో అడుగున ఇంకో నాలుగు లైన్ల వార్త ఉంది. పురుషుల నడకలో, అదే దారి మీద, అదే మలుపు దగ్గర, మీసాలాయన అని అందరూ పిలిచే సీనియరుకు కూడా మూడు కార్డులు పడ్డాయి. "మోకాలి కదలికలో సాంకేతిక లోపం వల్ల అనర్హుడయ్యాడు" అని పద్ధతిగా రాశారు. ఆయనకూ పిల్లలున్నారు, ఇద్దరు. చిన్నది ఆ రోజు దారి పక్కన డేరా కింద తండ్రి చంకెక్కి గొంతు చించుకుని ఏడుస్తూనే ఉంది.

ఆ సోమవారం గడియారం ఇంట్లో పండగలా ఉంది, ఆమెకు తప్ప. పక్కింటావిడ వచ్చి, "వదినా, నువ్వు మామూలు మనిషివి కాదు," అని చేతులు పట్టుకుంది. అత్తయ్య ఆ పేజీ కత్తిరించి అద్దం కట్టించడానికి పంపింది. భర్త మాత్రం కుట్టు మిషన్ల రిపేరు షాపు తెరవకుండా గడప మీద కూర్చున్నాడు. వార్తలో ఆయన కూడా ఉన్నాడు: "పాపను ఊరుకోబెట్టలేక అల్లాడిన తండ్రి".

"నన్ను చేతకానోణ్ని చేశారు, పోనీలే," అన్నాడు. "నా చేతుల్లో ఉన్న పిల్లని దిక్కులేని పిల్లలా రాశారు చూడు, అదీ నాకు మండుతోంది."

"పద్నాలుగు నెలలుగా దాన్ని పొద్దున లేపేది, ముద్ద పెట్టేది నువ్వే కదా బావా," అంది ఆమె. "నేను వెళ్లి మాట్లాడొస్తాను. రెండు లైన్లు సరిదిద్దితే అయిపోతుంది."

అమాయకురాలు. రెండు లైన్లతో అయిపోతుందనుకుంది.

పేపరు ఆఫీసులో క్రీడాపేజీ ఇన్‌ఛార్జి ఆమెకు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. విలేకరి కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె సంగతి చెప్పింది. ఇన్‌ఛార్జి ఓపిగ్గా విన్నాడు. అర్థం మాత్రం కాలేదు.

"ఇందులో నీకు జరిగిన అన్యాయమేంటమ్మా? మేం నిన్ను ఆకాశానికెత్తాం కదా."

"ఎత్తొద్దండీ. కాలు నేల వదిలితే మా ఆటలో కార్డు పడుద్ది," అంది ఆమె. విలేకరి నవ్వాడు. ఆమె నవ్వలేదు. "మోకాలు వంగినందుకు అనర్హురాలైందని రెండు లైన్లు వేయండి. చాలు."

"చదివేవాడికి మోకాలి గొడవెందుకమ్మా?"

"మీసాలన్నయ్య మోకాలు వేశారుగా."

"ఆయన సంగతి వేరు. పందెంలోంచి బయటికొచ్చి పిల్లని ఎత్తుకున్నది నువ్వు."

"ఆయనా ఎత్తుకున్నాడండీ. మీ కెమెరా అటు తిరగలేదు."

ఇన్‌ఛార్జి టీ గ్లాసు పక్కన పెట్టాడు. విలేకరి కాస్త మెత్తగా అడిగాడు, "పాప ఏడవడం నిజమే కదమ్మా?"

"మీ కెమెరా చూసి ఏడ్చింది. అప్పటికి నన్ను బయటికి పంపి ఐదు నిమిషాలైంది."

"అంటే పందెంలో ఉండగా పాప ఏడుపు మీకు వినపడలేదంటారా?"

చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ ప్రశ్న మీసాలాయనను ఎవరూ అడగరు. అడిగినా ఏ జవాబు చెప్పినా ఆయనకు వచ్చే నష్టం లేదు. ఆమె వినపడిందంటే పందెం వదిలే మనిషవుతుంది. వినపడలేదంటే రాతిగుండె మనిషవుతుంది. అడిగినవాడికి ఆ సంగతి తెలియదు, అదే మరీ ఘోరం. మామూలు ప్రశ్న అనుకునే అడిగాడు.

ఆమె నిజం చెప్పింది. "పాప ఏడవలేదు. ఏడ్చినా నాకు వినపడేది కాదు, ఆ టైములో నాకు నా అడుగుల చప్పుడు తప్ప ఏదీ వినపడదు. ఒకవేళ వినపడినా నేను ఆగను. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు కదండీ, ఎందుకు ఆగాలి?"

విలేకరి అన్నీ రాసుకున్నాడు. సవరణ వేస్తామని మాటిచ్చి పంపారు.

బుధవారం పేపర్లో సవరణ రాలేదు. శీర్షిక వచ్చింది: "బిడ్డ ఏడ్చినా ఆగను". ఈసారి ఫొటో పాతది, పళ్లు బిగించి, నుదురు ముడిపడి, ఏ పందెంలోనో పద్దెనిమిదో కిలోమీటరులో తీసినది. ఆమె చెప్పిన నాలుగు వాక్యాల్లో మూడు ఎగిరిపోయి, ఒకటి మాత్రం తోక తెగి మిగిలింది. తండ్రి పక్కనే ఉన్నాడన్న ముక్క అసలు లేదు.

సోమవారం నెత్తిన పెట్టుకున్న ఊరు బుధవారానికి దించేసింది. రొట్టెల దుకాణం యజమాని ఆమెను చూసి లోపల పనున్నట్టు లోపలికి వెళ్లాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోనులో పెట్టిన మాటలు ఇక్కడ రాయను, అవి రాస్తే కాగితం పాడవుతుంది. శిశు సంరక్షణ కేంద్రంలో ఆయా పాపను అందుకుంటూ, "పాపం పిచ్చితల్లి," అంది, పాపనే, తల్లి వినేట్టు. అద్దం కట్టించిన అత్తయ్య కోడలి పక్కన కూర్చుని నెమ్మదిగా అంది:

"నువ్వు చెప్పింది నిజమేనే తల్లీ, కాదన్ను. కానీ పేపరోళ్ల ముందు అనాలా? రెండు కన్నీటిబొట్లు రాలిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నాకు ఏడుపు రాలేదత్తయ్యా," అంది కోడలు. "ఎడమ మోకాలు ఎందుకు వంగిందో తెలిసింది. మూడు వారాలుంటే సరిచేసుకుంటాను. అప్పుడు ఏడుపెందుకొస్తుంది?"

మూడు వారాల్లో సరిచేసుకుంది కూడా. మలుపు దగ్గర అడుగు చిన్నది చేయడం నేర్చుకుంది. డ్రిల్లు టీచరు రోజూ వచ్చి దారి పక్కన వంగి నిలబడి చూసింది. చివరి రోజు నూట ఇరవై మలుపులు తిప్పించి, ఒక్క తప్పూ కనిపించక, "ఇప్పుడు నీకు కార్డు రాయాలంటే నేను అబద్ధం రాయాలి," అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.

ఎంపిక సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు జీవితంలో బస్సు కోసం కూడా వేగంగా నడవని మనిషి. ఆయన ముందు మూడు పందేల సమయాల పట్టిక ఉంది, దాని మీద రెండు పేపరు ముక్కలు, సోమవారానిదీ బుధవారానిదీ, ఉన్నాయి. పట్టిక అడుగున ఉండిపోయింది. చీఫ్ జడ్జిగా వివరణ ఇవ్వడానికి డ్రిల్లు టీచరును పిలిచారు.

మొదట పురుషుల చోటు తేల్చారు. మీసాలాయన చివరి పందెంలో అనర్హుడైనా, రెండో పందెంలో అందరికన్నా మంచి సమయం ఆయనదే. "ఒక చెడ్డ రోజు ఎవరికైనా వస్తుంది," అన్నాడు అధ్యక్షుడు. అందరూ తలలూపారు. నిమిషంలో తేలిపోయింది.

గడియారం వంతు వచ్చింది. చివరి పందెంలో అనర్హురాలైంది. రెండో పందెంలో అందరికన్నా మంచి సమయం ఆమెదే. ఇక్కడ మాత్రం తలలు ఊగలేదు.

"అక్కడికెళ్లాక పిల్ల గుర్తొచ్చి మధ్యలో ఆగిపోతే దేశం పరువేం కావాలి?" అన్నాడు అధ్యక్షుడు, మొదటి ముక్క చూపిస్తూ.

"ఆవిడ ఆగలేదండీ. నేను ఆపాను," అంది టీచరు. "మూడు కార్డులూ మోకాలికి పడ్డవి. కాగితం మీ ముందే ఉంది."

"అదే నేనూ అనేది టీచరు గారూ. మనసు పిల్ల మీద ఉంటే మోకాలు వంగదా మరి?"

"అయితే మీసాలాయన మోకాలు ఎవరి మీద మనసుండి వంగిందండీ?"

ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. పక్కనున్న సభ్యుడు ఆయనను ఆదుకోవడానికి రెండో ముక్క ముందుకు తోశాడు. "పిల్ల ఏడ్చినా పట్టదని తనే చెప్పింది. ఇలాంటి మనిషిని పంపితే జనం మన మొహాన ఉమ్మరా?"

టీచరు ఒకసారి ఆ ముక్కను, ఒకసారి ఈ ముక్కను చూసింది. "ఆగుతుందని వద్దంటారు. ఆగదని వద్దంటారు. ఆవిడ ఏం చేస్తే మీకు కుదురుతుందో అది చెప్పండి, నేనెళ్లి చెబుతాను."

అధ్యక్షుడు ఓటింగు పెట్టాడు. చేతులు లేచాయి. చోటు సమయాల పట్టికలో రెండో స్థానంలో ఉన్న అమ్మాయికి వెళ్లింది. మంచి అమ్మాయే, కష్టపడే పిల్లే. ఆమెను ఎందుకు ఎంచారంటే "పెళ్లి కాలేదు, పూర్తి ఏకాగ్రత ఉంటుంది" అని రాశారు. ఆ పిల్ల అది చదివి సంతోషించిందో భయపడిందో మనకు తెలియదు.

మర్నాడు పేపర్లో మూడో శీర్షిక వచ్చింది: "బిడ్డ కోసం జట్టుకు దూరం". శీర్షికల భాషలో ఇదొక సౌకర్యం. దూరం అని రాస్తే చాలు, తోసింది ఎవరో రాయనక్కర్లేదు. లోపల "మాతృత్వం ముందు పతకాలు చిన్నబోయాయి" అని ఉంది. ఆమె త్యాగం చేసిందట. త్యాగం చేసిన సంగతి ఆమెకు పేపరు చూశాకే తెలిసింది. ఊరు మళ్లీ కళ్లు తుడుచుకుంది. రొట్టెల దుకాణం యజమాని ఆమెను క్షమించేశాడు.

ఆ మధ్యాహ్నం గడియారం డ్రిల్లు టీచరు ఇంటికి వెళ్లింది. టీచరు ముందు గదిలో బల్ల మీద పాత విజిళ్లు పరిచి తుడుచుకుంటోంది. ఫిర్యాదు రాయించుకోవడానికి వచ్చిందేమో అనుకుని, "రాద్దాం కూర్చో. పై సంఘానికి రాద్దాం. ఏమీ కాదు, కానీ రాద్దాం," అంది.

"ఫిర్యాదు వద్దు టీచరు గారూ. ఆ రోజు కార్డులు రాసిన కాగితం ఉంటుంది కదా, దాని నకలు ఒకటి కావాలి. ఏ కిలోమీటరులో ఎవరు రాశారో, ఏ కాలో, అన్నీ ఉన్నది."

"ఇప్పుడదెందుకు నీకు?"

"నాక్కాదు. పాపకి."

టీచరు చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"ఇంకో నాలుగైదేళ్లకి దానికి చదవడం వస్తుంది," అంది గడియారం. "ఆ పేపర్లు ఎవరో ఒకరు దాచి చూపిస్తారు. 'చూడవే, నీ ఏడుపు విని మీ అమ్మ పందెం వదిలేసింది, నీ కోసమే ఆట మానేసింది' అని ప్రేమగానే చెబుతారు. అది నమ్ముతుంది టీచరు గారూ. అచ్చులో ఉంటే ఎవరైనా నమ్ముతారు. నా వల్లే అమ్మ ఓడిపోయిందని జీవితమంతా మోస్తుంది. పద్నాలుగు నెలల పిల్ల. గుండీ నములుతూ కూర్చుంది, అంతకు మించి అది చేసిందేమీ లేదు." మూడు శీర్షికలకీ రాని కన్నీళ్లు అక్కడ వచ్చాయి. వాటిని ఫొటో తీయడానికి ఎవరూ లేరు.

టీచరు లేచి బీరువాలోంచి ఆ కాగితం ప్రతి ఒకటి తీసింది. అడుగున నకలు అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. చేతికివ్వకుండా కాసేపు పట్టుకునే నిలబడింది. ముప్పై ఏళ్లు బళ్లో అరిచిన గొంతు ఆవిడది, కానీ అప్పుడు మెల్లగానే మాట్లాడింది.

"నీకు పలక చూపించింది నేనే. రేపు మళ్లీ మోకాలు వంగితే మళ్లీ చూపిస్తాను. దానికి నువ్వు నా మీద కోపం తెచ్చుకోలేదు, ఏ కాలని అడిగావు. ఎందుకంటే ఆ తప్పు నీదని నీకు తెలుసు, దిద్దుకోగలవనీ తెలుసు. మగాడు ఓడితే వాడి తప్పు వాడికి వదిలేస్తారమ్మాయ్, వాడు దాన్ని దిద్దుకుని మళ్లీ వస్తాడు. నీ తప్పు నీకు దక్కనివ్వలేదు, తీసుకెళ్లి చంటిపిల్ల నెత్తిన పెట్టారు. దేవతని రాశారు, రాక్షసని రాశారు, త్యాగమూర్తని రాశారు, నడకగత్తె అని మాత్రం ఒక్కసారీ రాయలేదు. పాపకి ఈ కాగితం చూపించేటప్పుడు నా మాటగా ఇదీ చెప్పు: తల్లయిన ఆడదాన్ని ఆటగత్తెగా ఓడనివ్వనివాళ్లు, ఆటగత్తెగా గెలవనూ ఇవ్వరు."